మెఫీబోషెతు గాడిదకు గంత కట్టేదెవరు?

ఆరాధనకు రావడం మానేసిన విశ్వాసి గురించి పాస్టర్లమైన మాకు మూడే కారణాలు తోస్తాయి. విశ్వాసంలో చల్లబడ్డాడు, లేదా ఎవరి మాటకో నొచ్చుకున్నాడు, అదీ కాకపోతే వేరే సంఘానికి వెళ్తున్నాడు. నాలుగో కారణం ఒకటి ఉంటుందని, అది అరిగిపోయిన బేరింగో తెగిపోయిన బెల్టో కావచ్చునని ఇన్నేళ్ల పరిచర్యలో మాకు తట్టనే లేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికే ఈ వారం కలం పట్టాం.

మా సంఘంలో 68 ఏళ్ల పెద్దాయన ఒకరున్నారు. చిన్నతనంలోనే పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. కూర్మన్నపాలెం దగ్గరి నిర్వాసిత కాలనీల్లో ఒకదానిలో ఆయన ఇల్లు. స్టీల్‌ప్లాంటు కోసం భూమి వదులుకున్న కుటుంబం అది. అన్నదమ్ములకు ప్లాంటులో పని దొరికింది గానీ ఈయనకు దొరకలేదు. చాలాకాలం జాతీయ రహదారి పక్కన ఎస్టీడీ బూత్ నడిపారు. ఇంటింటికీ సెల్‌ఫోన్ వచ్చాక ఆ బూత్‌కు తాళం పడింది. తర్వాత ఒక పాత స్కూటర్ కొని, పక్క చక్రాలు బిగించుకుని, అగనంపూడి నుంచి వడ్లపూడి దాకా ఇళ్లకూ హోటళ్లకూ ఫినాయిలు, చీపుర్లు, సబ్బుపొడి వేస్తూ బతుకు నడుపుకుంటున్నారు. ఆదివారం మొదటి గంట కొట్టకముందే ఆ బండి చప్పుడు మాకు వినబడేది.

సంక్రాంతి దాటాక ఆ చప్పుడు ఆగిపోయింది. ఒక ఆదివారం, రెండు ఆదివారాలు, అయిదు ఆదివారాలు గడిచాయి. అంతకుముందు సంఘ కమిటీలో పండుగ లెక్కల దగ్గర ఆయనకూ ఇంకొకరికీ మాటామాటా వచ్చింది. దానికే అలిగారని మేము తీర్మానించేసుకున్నాం. హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం తీసుకుని, సమాజంగా కూడుకోవడం మానేసేవారి గురించి ఒక ఆదివారం కాస్త గట్టిగానే ప్రసంగించాం. పేరు చెప్పలేదు గానీ మనసులో ఉన్నది ఆయనే. విన్నవాళ్లకూ అర్థమైంది.

శ్రమకాల దినాల్లో ఒక సాయంత్రం ఒక సంఘపెద్దను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాం. వాకిట్లో టార్పాలిన్ కప్పి స్కూటర్ ఉంది. కాళ్లు పెట్టుకునే చోట గడ్డి పరిచి ఉంటే దానిమీద కోడి పొదుగుతోంది. ఎడమ పక్క చక్రం వంగి నేలకు ఒరిగిపోయింది. ఇంజను బెల్టు తెగింది, పక్క చక్రం యాక్సిల్ వంగింది, బేరింగులు పోయాయి, చక్రాలను చట్రానికి పట్టి ఉంచే చోట వెల్డింగు పగిలింది. రోడ్డు మీది షెడ్డు వాళ్లు 9,500 రూపాయలు అవుతుందన్నారట. అదీ అన్నీ తెచ్చిస్తే చూస్తామన్నారట. ఆయనకు ప్రభుత్వం నుంచి వచ్చే దివ్యాంగుల పింఛను 6,000. 2024 జూలైలో 3,000 నుంచి ఆ స్థాయికి పెరిగింది, నిజంగా పెద్ద ఊరటే. అయితే ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తున్న కొడుకు 2025లో పని పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ 6,000 మీద నలుగురు బతుకుతున్నారు. బండి తిరగక ఫినాయిలు వ్యాపారమూ ఆగింది. అంటే బండి బాగు చేయించడానికి కావలసిన డబ్బు ఆ బండి తిరిగితేనే వస్తుంది.

మేము చేయవలసింది చేశాం. అంటే ప్రార్థన చేశాం. ఆయన ఆమెన్ అని, లేవబోతున్న మమ్మల్ని చూసి నెమ్మదిగా, "బండి ఆగిపోనాదండి అయ్యగోరూ, నేను ఆగిపోనేదు" అన్నారు. మా ప్రసంగం సంగతి ఆయన చెవిన పడే ఉంటుంది.

తిరిగి వస్తుంటే దారంతా మాకు మెఫీబోషెతు గుర్తొచ్చాడు. యోనాతాను కుమారుడు. అయిదేళ్ల వయసులో, ఎత్తుకుని పరుగెత్తుతున్న దాది చేతిలోంచి జారిపడి రెండు కాళ్లూ దెబ్బతిన్నవాడు. దావీదు అతన్ని లోదెబారు నుంచి పిలిపించి తన బల్ల దగ్గర భోజనానికి కూర్చోబెట్టిన ఘట్టం (2 సమూయేలు 9) మీద ప్రసంగించని పాస్టరు ఉండడు. మేమూ ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. కానీ అదే గ్రంథంలో 16, 19 అధ్యాయాల్లో కథ మిగతా సగం ఉంది. దాని దగ్గరికి వెళ్లడం మాకు అలవాటు లేదు.

అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు దావీదు యెరూషలేము విడిచి పారిపోతున్నాడు. సేవకుడైన సీబా గంత కట్టిన రెండు గాడిదల మీద రొట్టెలు, ద్రాక్షగెలలు, ద్రాక్షారసం వేసుకుని ఎదురొచ్చాడు. నీ యజమాని ఎక్కడ అని రాజు అడిగితే, రాజ్యం తనకే దక్కుతుందని యెరూషలేములో కూర్చున్నాడని చెప్పాడు. దావీదు ఇంకో మాట అడగలేదు, ఆ నిలువునే మెఫీబోషెతు ఆస్తంతా సీబాకు రాసిచ్చేశాడు. యుద్ధం ముగిసి రాజు తిరిగొచ్చాక మెఫీబోషెతు ఎదురొచ్చాడు. రాజు వెళ్లిన రోజు నుంచి కాళ్లు శుభ్రం చేసుకోలేదు, గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. నువ్వెందుకు నాతో రాలేదని దావీదు అడిగాడు. అతని జవాబు చాలా చిన్నది. నేను కుంటివాణ్ణి, గాడిదకు గంత కట్టించి ఎక్కి వద్దామనుకున్నాను, నా పనివాడు నన్ను మోసం చేశాడు అన్నాడు.

సీబాకు 15 మంది కొడుకులు, 20 మంది దాసులు అని బైబిలే చెబుతోంది. ఒక ఇంట్లో అంతమంది చేతులున్నవాళ్లుండి, ఒక్క గాడిదకు గంత కట్టే చెయ్యి ఆ రోజు లేకపోయింది. కాళ్లున్న రాజు కాళ్లు లేనివాణ్ణి పట్టుకుని నువ్వెందుకు నడిచి రాలేదని అడిగాడు. దావీదు వంటి భక్తుడే అలా అడిగాడు. మేమైతే అడగడంతో ఆగలేదు, హెబ్రీ పత్రిక తీసి మరీ ప్రసంగించాం. బైబిల్లో కుంటివాడు అని ఉన్న మాటను ఇప్పుడు మనం వాడడం లేదు, దివ్యాంగుడు అంటున్నాం, విభిన్న ప్రతిభావంతుడు అంటున్నాం. మాట మారడం మంచిదే. గాడిద మాత్రం ఇంకా గంత లేకుండానే నిలబడి ఉంది.

ఇక్కడ మా సొంత లెక్క ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం క్రిస్మస్‌కు మా సంఘం చేతితో తిప్పే మూడు చక్రాల బళ్లు నాలుగు పంచింది. వేదిక, షామియానా, పూలదండలు, ఫొటోలు అన్నీ ఉన్నాయి. ఆ ఫొటోలు ఇప్పటికీ మా ఆఫీసు గదిలో ఉన్నాయి. ఈ పెద్దాయన ఇంటికి వెళ్లొచ్చాక మాకు ఒక అనుమానం పుట్టి ఆ నాలుగు బళ్లనూ వెతుక్కుంటూ వెళ్లాం. ఒకటి చైను తెగి, ట్యూబులు పగిలి, గోడకు చేరబడి ఉంది. ఇంకొకటి పాత ఇనుము వాడికి పోయింది. మూడోదాని మీద వంటచెరకు పేర్చి ఉంది. నాలుగోది మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. కారణం దేవుడు ఆ ఇంటిని ప్రత్యేకంగా దీవించాడని కాదు, వాళ్ల అల్లుడికి సైకిలు షాపుంది.

ఇది ఒక్క సంఘాల సంగతి కాదు. దివ్యాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం 1981 నుంచి ఉంది. కాన్పూరులోని అలింకో అనే ప్రభుత్వ సంస్థ ఈ బళ్లూ కుర్చీలూ తయారు చేసి దేశమంతా పంపుతోంది. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. ఆ పథకంలో ఒక మంచి నిబంధన ఉంది. ఇచ్చిన వస్తువును ఒక ఏడాది పాటు అలింకో ఉచితంగా బాగు చేసిపెట్టాలి. మరి రెండో ఏడాది? చక్రాల కుర్చీ ముందు చక్రాల బేరింగు రెండో ఏడాదిలోనే పోతుంది, మొదటి ఏడాదిలో ఏ వస్తువైనా కొత్తగానే ఉంటుంది. వృద్ధుల కోసం 14567 నంబరుతో హెల్ప్‌లైన్ ఉంది. సమాచారం చెబుతారు, సలహా ఇస్తారు. ఎవరైనా స్పానరు పట్టుకుని వస్తారని అనుకోకూడదు.

పైగా మన ప్రాంతంలో ఇనుము ఎక్కువ కాలం నిలవదు. గంగవరం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి రంగు పోయిన చోటల్లా తుప్పు పడుతుంది. దానికి తోడు మన రోడ్లు. రెండు చక్రాల బండి నడిపేవాడు గోతిని తప్పించుకుని పక్కనుంచి పోతాడు. పక్క చక్రాలున్న స్కూటర్‌కు ఆ వీలు లేదు. ముందు వెనుక చక్రాలు గోతిని తప్పించినా, పక్క చక్రం సరిగ్గా అందులోనే పడుతుంది. దాంతో యాక్సిల్ వంగుతుంది, వెల్డింగు పగులుతుంది. రోడ్డు పక్క మెకానిక్కులు ఈ బళ్లను ముట్టుకోవడానికి వెనకాడడానికి కూడా కారణం ఉంది. మలుపులో మామూలు స్కూటర్‌లా ఇది ఒరగదు. అలవాటు లేనివాడు నడిపి చూస్తే అదుపు తప్పుతుంది. నడిపి చూడలేని బండిని బాగు చేశానని ఏ పనివాడు చెప్పగలడు? ఇక బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బళ్లది ఇంకో కష్టం. ఏదో చిన్న తీగ తెగిందని మూడు నెలలు పక్కన పెడితే, ఛార్జింగు లేక బ్యాటరీయే చచ్చిపోతుంది. వందల్లో పోయేది వేలకు వస్తుంది.

స్కూటర్ల మాట చెబుతుంటే మాకు ఒకప్పటి కైనెటిక్ హోండా గుర్తొస్తుంది. గేర్లు లేవు, కిక్కు కొట్టనక్కర్లేదు, మీట నొక్కితే చాలు. అందుకే కాలు సరిలేనివాళ్లు ఏరికోరి దాన్నే కొనుక్కుని పక్క చక్రాలు బిగించుకునేవారు. ఆ బళ్లు రావడం ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ అవే నడుపుకుంటున్న పెద్దలు ఒకరిద్దరు మనకు తెలుసు. వాటికి సామాను దొరకడం గగనం.

ఇంకొక ఇంటి సంగతి. రిటైరైన ఒక సోదరుడు, ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర జీవితమంతా పని చేసినవాడు. పీఎఫ్ పింఛను 1,000 రూపాయల పైచిలుకు. కనీస పింఛను వెయ్యి అని 2014లో పెట్టిన దగ్గరే ఇన్నేళ్లూ గడిచింది. భార్యకు పక్షవాతం. ఆమెను వారానికి రెండుసార్లు గాజువాక ఫిజియోథెరపీకి తీసుకెళ్లడానికి, ఎప్పుడో చేతికిందుగా కొన్న పాత మారుతీ 800 ఒక్కటే ఆధారం. ఇప్పుడు ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం, 2025 ఆగస్టు 15 నుంచి. టికెట్టు లేకపోవడం నిజమే గానీ ఆమె బస్సు మెట్టు ఎక్కగలగాలి కదా. ఆ కారుకు క్లచ్ ప్లేటు పోయింది, సైలెన్సరు చిల్లులు పడింది. దానికితోడు 15 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషను మళ్లీ చేయించుకునే రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. కారున్నవాడికి సాయమేమిటని మా కమిటీలో ఒకరు అన్నారు. చూడ్డానికి అది కారే. ఆ ఇంటికి మాత్రం అది ఆమె రెండు కాళ్లు.

ఇంతకీ మనం ఎక్కడున్నాం? కూర్మన్నపాలెంలో ఉన్నాం. ఇక్కడికి దగ్గర్లోనే గాజువాక ఆటోనగర్ ఉంది. లారీ నుంచి లూనా దాకా ఏ బండినైనా విప్పి బిగించే షెడ్లు అక్కడున్నాయి. మన గుమ్మం ఎదుటే ఉక్కు కర్మాగారం. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది, 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసింది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మన నదుల పేర్లూ అన్నం పేరూ పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులు ఒక్క పూట ఆగకుండా ఏళ్ల తరబడి కాపాడిన ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు మన సంఘాల్లో బల్లల మీద కూర్చుని ఉన్నారు. అరవై ఏళ్లకు రిటైరై, పొద్దున కూరగాయలు తెచ్చి సాయంత్రం మనవణ్ణి ట్యూషను నుంచి తీసుకొస్తున్నారు. ఆ చేతుల్ని మన సంఘాలు ఏం చేసుకుంటున్నాయి? కానుకల సంచి పట్టుకోమంటున్నాయి, పెళ్లిళ్లలో కుర్చీలు వేయమంటున్నాయి.

మరొక సంగతి మాకు సిగ్గు కలిగించింది. మా సంఘంలో సౌండు బాక్సు పాడైతే ఆదివారానికి ముందే బాగవుతుంది. శనివారం రాత్రి పదింటికైనా డాబాగార్డెన్స్‌కో మరెక్కడికో మనిషిని పరుగెత్తించి, అడిగినంత ఇచ్చి తెప్పిస్తాం. కీబోర్డుకు అడాప్టరు కాలిపోతే ఆ పూటే కొత్తది వస్తుంది. పెద్దాయన బండి మూడు నెలలు కోడికి ఆసరాగా ఉంది. మా బడ్జెట్టులో 'సౌండు సిస్టం మరమ్మతు' అనే పద్దు ఉంది, మేమే చూసి సంతకం పెడతాం.

నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయాన్ని చదివేటప్పుడు మనలో చాలామంది గబగబా తిప్పేస్తారు. ఎవరు ఎవరి పక్కన గోడ బాగు చేశారో చెప్పే పేర్ల పట్టీ అది. బంగారు పని వారున్నారు, పరిమళ ద్రవ్యాలు చేసేవాడున్నాడు, షల్లూము కుమార్తెలున్నారు. తెకోవ పెద్దమనుషులు మాత్రం ఆ పనికి మెడ వంచలేదని కూడా రాసి పెట్టాడు. కొత్త కట్టడం గురించి గొప్పగా రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మరమ్మతు చేసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ ఎత్తి అధ్యాయమంతా రాసిన గ్రంథం మాకు ఇంకొకటి కనబడలేదు. సెమినరీలో గ్రీకు చెప్పిన అయ్యగారు ఇంకో మాట చెప్పేవారు. యాకోబు, యోహానులు దోనెలో కూర్చుని వలలు బాగు చేసుకుంటున్నారని మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. అక్కడ వాడిన కటార్టిజో అనే క్రియే, తప్పిపోయిన సహోదరుణ్ణి సరిచేయడం గురించి చెబుతూ గలతీ పత్రిక చివరి అధ్యాయంలో పౌలు వాడాడు. వలకూ మనిషికీ ఒకే మాట. పరీక్షలో ఆ జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, ఆ మాటకు వల దగ్గర గ్రీజు వాసన ఉంటుందని అప్పట్లో అనుకోలేదు.

సరే, పెద్దాయన బండి ఏమైంది? మా సంఘంలో రిటైరైన వెల్డరు ఒకాయన, ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న కుర్రవాడు ఒకడు ముందుకొచ్చారు. బండిని ఆటో ట్రాలీలో ఆటోనగర్ చేర్చారు. అక్కడ ఒక మెకానిక్కు, మన సంఘం మనిషి కాదు, ఇంజను పని చూశాడు. వెల్డింగు మా పెద్దమనిషే చేశారు. సామానుకు 4,300, మెకానిక్కు కూలి 1,500, ట్రాలీకి 600. మొత్తం 6,400 అయింది. కూలి దగ్గర బేరమాడవద్దని మేము ముందే చెప్పాం. దేవుని పని అని చెప్పి పేద పనివాళ్ల చేత ఊరికే చేయించుకోవడం మన సంఘాల్లో పాత జబ్బు. పనివాడు తన జీతానికి పాత్రుడని ప్రభువే అన్నాడు (లూకా 10). వడ్రంగి ఇంట్లో పెరిగినవాడు ఆ మాట ఊరికే అని ఉండడు. అయినా ఆ మెకానిక్కు తనంతట తానే 300 తగ్గించుకుని 1,500 తీసుకున్నాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ, "ఇలాంటి బళ్లు మీ దగ్గర ఇంకెన్ని ఉన్నాయండీ?" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. సంఘం రిజిస్టరులో బాప్తిస్మం తేదీ ఉంటుంది, పెళ్లి తేదీ ఉంటుంది, దశమ భాగం లెక్క ఉంటుంది. ఈ మనిషి గుడికి ఎలా వస్తాడు అన్న గడి లేదు. ఆ వారం యవ్వనస్థులను వీధివీధికీ పంపి లెక్క రాయించాం. మా సంఘంలోనూ ఆ చుట్టుపక్కల వీధుల్లోనూ కలిపి, ఆగిపోయినవీ ఆగిపోబోతున్నవీ 11 తేలాయి. మూడు పక్క చక్రాల స్కూటర్లు, రెండు బ్యాటరీ బళ్లు, చేతితో తిప్పేవి రెండు, చక్రాల కుర్చీలు మూడు, ఆ మారుతీ కారు ఒకటి. అందులో అయిదు క్రైస్తవేతరుల ఇళ్లలోవి. వాటిని పట్టీలోంచి తీసేయమన్నవాళ్లు లేకపోలేదు. సమరయుడు ఆగినప్పుడు గాయపడినవాడి సంఘ సభ్యత్వం అడగలేదని చెప్పి ఊరుకున్నాం.

ఇప్పుడు మా దగ్గర ప్రతి నెలా మూడో శనివారం ఉదయం గుడి ఆవరణలో బళ్ల పని జరుగుతోంది. పెద్ద ఏర్పాటేమీ కాదు. ఒక పెట్టెలో స్పానర్లు, గ్రీజు డబ్బా, గాలిపంపు, పంక్చరు సామాను. ట్యూబులు, చైన్లు, చక్రాల కుర్చీ బేరింగులు, తెగిన రెక్జిన్ సీట్లు, తుప్పు గోకి రంగు వేయడం అక్కడే అయిపోతాయి. కుట్టుపని తెలిసిన సోదరీలు సీట్లు చూస్తున్నారు. షల్లూము కుమార్తెలని మేము సరదాగా పిలుస్తుంటే నవ్వుకుంటున్నారు. బ్రేకులు, స్టీరింగు, ఇంజను మాత్రం మేము ముట్టుకోం. ఎంత ప్రేమతో బిగించినా బ్రేకు జారితే ప్రాణం పోతుంది. అవి ఆటోనగర్‌కే వెళ్తాయి. కూలి సంఘం ఇస్తుంది, సామానులో యజమాని ఇవ్వగలిగినంత ఇస్తాడు. పూర్తిగా ఉచితం చేయవద్దని మాకు సలహా ఇచ్చింది ఆ పెద్దాయనే. తన వంతు 500 రూపాయలు రెండు విడతలుగా కట్టి రసీదు అడిగి తీసుకున్నారు.

సొంతంగా బండి బాగు చేయించుకునే పెద్దలకు మేము నేర్చుకున్న సంగతులు కొన్ని చెబుతాం. షెడ్డులో బండి పెట్టేముందు సామాను ఎంత, కూలి ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత సామాను తిరిగి అడగండి, అడుగుతాడని తెలిస్తేనే సగం మోసం ఆగుతుంది. మీరు ఒంటరిగా వెళ్లకండి, సంఘంలో పని తెలిసిన ఒకరిని వెంట తీసుకెళ్లండి. ముసలివాళ్లను, కాలు లేనివాళ్లను చూస్తే ధర పెరగడం మేము కళ్లారా చూశాం. పక్క చక్రాలు బిగించిన బండి అయితే ఆ మార్పు రిజిస్ట్రేషను పత్రంలో ఎక్కిందో లేదో చూసుకోండి. దివ్యాంగుల కోసం మార్చిన బండికి చట్టంలో చోటుంది, 2019 సవరణలో దాన్ని ఇంకాస్త స్పష్టం చేశారు. పత్రంలో ఎక్కని బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కొస్తుంది.

ఇదేమీ మేము కనిపెట్టింది కాదు. అమెరికాలో చాలా ప్రొటెస్టెంటు సంఘాలు శనివారాల్లో వితంతువుల, ఒంటరి తల్లుల, వృద్ధుల కార్లకు ఆయిలు మార్చి బ్రేకులు చూసి పంపుతాయి. అక్కడ కారు ఆగితే ఉద్యోగం ఆగుతుంది, ఆసుపత్రి ఆగుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్‌మా అనే ఆమె 2009లో మొదలుపెట్టిన రిపేర్ కేఫేలు ఇవాళ ఎన్నో దేశాల్లో ఉన్నాయి. ఇరుగుపొరుగువాళ్లు కూర్చుని ఒకరి వస్తువులు ఒకరు బాగు చేసుకోవడమే ఆ పని. ఆమె దాన్ని మతం పేరుతో మొదలుపెట్టలేదు. మతం పేరుతో ఉన్న మనం మొదలుపెట్టకపోవడమే ఆశ్చర్యం.

అన్నీ సఫలమయ్యాయని చెబితే అది అబద్ధ సాక్ష్యం. మారుతీ కారును మేము నిలబెట్టలేకపోయాం. ఆటోనగర్‌లో చూసినవాళ్లు అడుగు రేకంతా తుప్పు తినేసిందని, దానిమీద డబ్బు పోయడం దండగని నిజం చెప్పారు. ఆ సోదరుడు దాన్ని పాత ఇనుముకు అమ్మేరోజు స్టీరింగు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం ఆ ఇల్లాలిని గాజువాక తీసుకెళ్లడానికి కార్లున్న ఆరు కుటుంబాలు వంతులు వేసుకున్నాయి. ఇప్పటికి రెండు వంతులు తప్పాయి. ఒకసారి పెళ్లి అడ్డొచ్చింది, ఒకసారి మరిచిపోయారు. మరిచిపోయిన ఇల్లు మాదే.

పెద్దాయన మట్టలాదివారం నాడు వచ్చారు. మొదటి గంటకు ముందే ఆ చప్పుడు విని మేము వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాం. ఆయన బండి ఆపి, కర్ర అందుకుని, గుడి మెట్ల దగ్గరికి వచ్చారు. మూడు మెట్లు. రెండు చేతులూ మెట్టు మీద ఆనించి, కాలు ఈడ్చుకుంటూ ఎక్కారు. ఇన్నేళ్లూ అలాగే ఎక్కేవారట. మేము లోపల పుల్పిట్ దగ్గర ప్రసంగం కాగితాలు సర్దుకుంటూ ఉండేవాళ్లం కాబట్టి ఎప్పుడూ చూడలేదు. ఆరాధన అయ్యాక వెల్డరు గారు టేపు తెచ్చి మెట్ల ఎత్తు కొలిచారు. మూడో శనివారం ఇసుక, పిక్క దిగుతాయి. సిమెంటు ఇంకా రెండు బస్తాలు కావాలి.